గదిలో ఎవరూ ఉండకూడదు

ఆ మెయిల్ వచ్చిన రోజే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

శంషాబాద్‌లో, విమానాశ్రయం సరుకుల గేటుకు పోయే రోడ్డు మీద మా ఆఫీసు. వచ్చే సరుకు ఏ గోదాములో దిగింది, ఏ లారీ ఎక్కింది అని చూపించే సాఫ్ట్‌వేర్ మాది. అది ఒక్క కంప్యూటర్ మీద నడవదు. ప్రోగ్రాములను చిన్న చిన్న కంటైనర్లుగా కట్టి, కొన్ని కంప్యూటర్ల గుంపు మీదికి పంచుతారు. ఆ గుంపును క్లస్టర్ అంటారు. అందులో ఒక కంప్యూటర్ పడిపోయినా పని ఆగకుండా చూడటం, ఎవరి లాగిన్‌కు ఎంత అనుమతి ఉండాలో చూడటం నా పని. ఆరేళ్లుగా చేస్తున్నాను. ఇప్పుడు ఆ పని నాకు వచ్చని ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్నవాళ్లు కాగితం ఇస్తే తప్ప చెల్లదట.

రెండు నెలల గడువు తరువాత, ఒకటో తారీఖు నుంచి సర్టిఫికెట్ ఉన్నవాళ్ల లాగిన్ మాత్రమే క్లస్టర్ మీద పనిచేస్తుందని, మిగతావాళ్లకు తగిన వేరే పని ఇస్తామని ఆ మెయిల్‌లో ఉంది. తగిన వేరే పని అంటే ఏమిటో మా దగ్గర అందరికీ తెలుసు. గేటు దగ్గర రేకుల గదిలో కూర్చొని లారీ డ్రైవర్లకు పాసులు రాయడం.

క్లస్టర్ చూసేది ఇద్దరమే. నేను, నా పక్క కుర్చీలో అన్న. తోడబుట్టినవాడు కాదు, పిలుపు అంతే. యాభై దాటిన మనిషి, మామిడిపల్లిలో ఉంటాడు. గోదాములో సామాను దించించే పనితో మొదలై, చూసి చూసి కంప్యూటర్ నేర్చుకున్నాడు. నేను డేటా ఎంట్రీలో ఉన్న రోజుల్లో నల్ల తెర మీద నా చేత మొదటి కమాండ్ కొట్టించింది ఆయనే. మెయిల్ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాతోని గాదు చెల్లె. గా ఇంగ్లీషు సదివి సమజ్ చేసుకునేసరికే రెండు గంటలు ఒడుస్తయ్. నువ్వు రాయి. ఇద్దర్ల ఒక్కరన్న ఉండాలె గద."

పరీక్షకు సెంటర్ ఉండదు, మనం చూసుకున్న గదిలోనే రాయాలి. కెమెరా ముందు రెండు గంటలు. బట్టీ పట్టి గట్టెక్కే పరీక్ష కాదు. నిజం క్లస్టర్లే ముందు పెడతారు, చెడిపోయినదాన్ని బాగుచేయమంటారు. అవతల ఒక మనిషి కనపడకుండా మనల్ని చూస్తూ ఉంటాడు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. నోరు మెదపకూడదు. బల్ల మీద కాగితం ముక్క ఉండకూడదు. ఇన్ని షరతులు చూసి, ఆఫీసులో ఖాళీగా పడి ఉండే మీటింగు గది ఒక్క శనివారం పొద్దున వాడుకుంటానని మేనేజర్‌ని అడిగాను. ఆయనది కోస్తా వైపు. మర్యాదకు ఏనాడూ లోటు లేదు.

"అది మీ వ్యక్తిగత సర్టిఫికెట్ కదండీ. ఆఫీసు గదులు వ్యక్తిగత పనులకు ఇవ్వడం కుదరదండీ. ఇవాళ మీకిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు కదండీ."

పాస్ కాకపోతే ఆఫీసు నా కుర్చీ లాక్కుంటుంది. పాస్ కావడం మాత్రం నా వ్యక్తిగతం. ఈ మాట ఆయన మొహం మీద అనాల్సింది. "సరే సార్" అని వచ్చేశాను. ఆ రెండు మాటలు ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉన్నాయి.

ఆరు వారాలు చదివాను. పాత లాప్‌టాప్‌లో చిన్న క్లస్టర్ కట్టుకొని, దాన్ని నేనే చెడగొట్టి, నేనే బాగుచేసేదాన్ని. పప్పు కుక్కర్ మూడు కూతలు కూసేలోపు ఒక లెక్క తేలాలని పందెం పెట్టుకునేదాన్ని. కమాండ్లు కొడుతున్నప్పుడు పైకి గొణుక్కోవడం నాకు అలవాటు. అది మానడానికి బుగ్గన లవంగం పెట్టుకొని సాధన చేశాను. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక, చేతికి వచ్చిన పనిని నోరు మూసుకొని చేయడం నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక్కోసారి లవంగాన్ని పటపటా కొరికేసేదాన్ని.

మా ఇంట్లో తలుపు ఉన్న గది ఒక్కటే ఖాళీ చేయగలిగాం, వడ్ల బస్తాల గది. దానికి లోపలి గడియ లేదు. బస్తాల గదికి లోపలి గడియ ఎవరు పెట్టిస్తారు? ఆ శనివారం నా భర్తకు కొత్తూరు ఫ్యాక్టరీలో డ్యూటీ. ఇంట్లో నేనూ, మా అత్తమ్మ. ముందురోజు నుంచే ఆమెకు పదిసార్లు చెప్పాను.

"అత్తమ్మా, పదింటికెళ్లి పన్నెండింటి దాంక సప్పుడు కావొద్దు. టీవీ పెట్టొద్దు. ఎవ్వరు మాట్లాడొద్దు."

"ఎందుకు మాట్లాడుత బిడ్డా. నోరు గుట్టుకొని కూసుంట తీ" అంది. నిజంగానే అలాగే కూర్చుంది. కూరగాయల బండివాణ్ని కూడా చేతి సైగతోనే పంపించిందట.

పదకొండు దాటింది. పదిహేడు ప్రశ్నల్లో పన్నెండు చేసేశాను. చేతులు బాగా ఆడుతున్నాయి. చెడిపోయిన ఒక కంప్యూటర్‌ను తిరిగి గుంపులో కలుపుతున్నాను. వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. అత్తమ్మ ఆడబిడ్డ, బాలాపూర్ నుంచి వచ్చింది, మనవడి పుట్టువెంట్రుకల పండుగకు పిలవడానికి. మా వైపు బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. ఫోన్ చేసినా, కార్డు పంపినా పిలిచినట్టు కాదు. కోడలికి బొట్టు పెట్టకుండా గడప దిగితే, పిలవని పేరంటం అని పదేళ్లు చెప్పుకుంటారు. ఆ పెద్దమనిషి ఒక్క మాట మాట్లాడలేదు. పెదవుల మీద వేలు పెట్టుకొని, మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చింది. వెనకాల గడపలో అత్తమ్మ కూడా అలాగే వేలు పెట్టుకొని నిలబడింది.

కుంకుమ భరిణె నా మొహం ముందుకు వచ్చింది. ఇక్కడే నా మీద నాకు మంట. ఆ చేతిని తోసేయొచ్చు. లేచి నిలబడొచ్చు. కెమెరాకు దండం పెట్టి ఏదో ఒకటి అనొచ్చు. నేను ఏం చేశాను? చిన్నప్పటి నుంచి వంగడం అలవాటైన మెడ. కళ్లు మూసుకొని, నుదురు ముందుకు వంచాను. ఆమె బొట్టు పెట్టి, నా తల నిమిరి, వచ్చినంత మెల్లగా వెళ్లిపోయింది. కళ్లు తెరిచేసరికి తెర మీద రెండు వాక్యాలున్నాయి. మీ గదిలోకి వేరే వ్యక్తి వచ్చారు. మీ పరీక్ష రద్దు చేయబడింది.

బయటికి వచ్చేసరికి ఆమె చెప్పులు వేసుకుంటోంది. "ఆదివారం పొద్దున్నె రావాలె బిడ్డా, తల్లీకొడుకులను తోల్కొని" అంది. "వస్తం" అన్నాను. ఆమె ఆటో ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాను. తరువాత మా అత్తమ్మ వైపు తిరిగాను.

అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు అంటారు. నాది తలకిందులు. ఆఫీసు మీద ఆరు వారాలుగా దాచుకున్న కోపమంతా తెచ్చి అత్త మీద పోశాను. ఏమన్నానో అన్నీ రాయలేను. నీ వల్ల నా బతుకు గేటు కాడికి పోయింది అన్నాను. నీకు సదువు లేకనే గిట్లయింది అన్నాను. అది అనకూడని మాట. ఆమె అంతా విని, కొంగుతో మొహం తుడుచుకొని, ఒక్క మాట అంది.

"సప్పుడు చెయ్యొద్దంటివి. మేం చేసినమా?"

చేయలేదు. నేను చప్పుడు చేయొద్దన్నానే గాని, లోపలికి ఎవరూ రావొద్దని ఒక్కసారి కూడా అనలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అని ఎరగరు. రెండు రోజులు ఎవరి కంచంలో వాళ్లమే వడ్డించుకొని తిన్నాం.

మూడో రోజు పరీక్ష పెట్టినవాళ్లకు విన్నపం రాసుకున్నాను. బొట్టు అంటే ఏమిటో ఇంగ్లీషులో రాయడానికి గంట పట్టింది. ఎర్రని పొడి, దీవెన, ఆహ్వానం అని రాస్తూ పోతుంటే అదేదో చేతబడి కేసులాగా తయారైంది. వచ్చినావిడకు అక్షరం ముక్క రాదు, నాకు జవాబులు అందించే అవకాశమే లేదు అని కూడా రాశాను. ఇంటిమనిషి చదువులేనితనాన్ని నా సాక్ష్యం కింద వాడుకోవాల్సి వచ్చినందుకు పళ్లు కొరుక్కున్నాను. వారం తరువాత జవాబు వచ్చింది. మీ సంస్కృతిని గౌరవిస్తున్నామన్నారు. ఇంకొక్కసారి రాసుకోవచ్చన్నారు. ఒకటో తారీఖుకు అప్పటికి తొమ్మిది రోజులుంది.

అన్నకు చెప్పాను. "మా ఇంట్ల రాయి" అన్నాడు. అడగక ముందే అన్నాడు.

మామిడిపల్లిలో ఆయనవి రెండు గదులు. నేను వెళ్లేసరికి ముందుగది మంచం, బీరువా అన్నీ వెనక్కి జరిపేశారు. గోడ మీద క్యాలెండర్లు తీసేశారు. వదిన పిల్లలను తీసుకొని పుట్టింటికి పోయింది. అన్న నన్ను లోపల కూర్చోబెట్టి, బయటి నుంచి గొళ్లెం పెట్టి, కుర్చీ వేసుకొని ఎండలో గేటు ముందు కూర్చున్నాడు. సొంత బామ్మర్ది వస్తే, ఆ మనిషిని కూడా చాయ్ హోటల్‌కు తోలాడట. నెత్తి మీద నుంచి విమానం పోయినప్పుడల్లా అవతలివాడు చప్పుడు ఏమిటని అడుగుతాడేమోనని నా ప్రాణం గిలగిలలాడింది. అడగలేదు. ఆ రోజు నేను పదిహేడుకు పదిహేడు ముట్టుకున్నాను.

అందులో ఒకటి బాగా గుర్తుంది. ఒక ఉద్యోగి లాగిన్‌కు ఉన్న అనుమతులన్నీ తీసేయాలి. అతను చేయి పెట్టగలిగిన ప్రతిదాన్నీ వెతికి, ఒక్కటి కూడా మిగలకుండా తొలగించాలి. అది నాకు వెన్నతో పెట్టిన విద్య. రెండు నిమిషాల్లో చేసేశాను. సులువైనది వచ్చిందని సంతోషించాను కూడా.

సాయంత్రం వదిన వచ్చి జొన్నరొట్టెలు, కోడికూర చేసి పెట్టింది. కడుపు నిండా తిన్నాను. మర్నాడు పాసయ్యానని వచ్చింది. అందరికంటే ముందు అన్నకే ఫోన్ చేశాను. "జూసినవా, నేన్ జెప్పలే" అని ఆయన చాలాసేపు నవ్వాడు. అత్తమ్మకు చెబితే, ఆ పూట నా కంచంలో పెరుగు ఎక్కువ వేసింది.

ఒకటో తారీఖు పొద్దున మేనేజర్ అందరినీ నిలబెట్టి, కంపెనీ ప్రోత్సాహంతో నేను సాధించానని చెప్పి చప్పట్లు కొట్టించారు. ఏ ప్రోత్సాహం అని అడగబోయి ఆగాను. నా సీటుకు వచ్చి చూస్తే, సర్టిఫికెట్ ఉన్న మనిషిగా నాకు మొదటి పని వచ్చి ఉంది. ఒక్క లాగిన్ అనుమతులు తొలగించాలి. ఎవరిదో చెప్పక్కర్లేదు.

లేచి మేనేజర్ గదికి పోయాను. "మీరే చేసుకోండి సార్, నేను చెయ్యను" అన్నాను.

"సర్టిఫైడ్ వాళ్లే చేయాలండీ. నాకు లేదు కదండీ" అన్నారు ఆయన. నిజంగానే లేదు.

"చెయ్యకపోతే ఏమైతది?"

"మీరు ఆ పనికి రారని రాయాల్సి ఉంటుందండీ. అప్పుడు ఇద్దరూ పోతారు."

తిరిగి వచ్చి కూర్చున్నాను. మేనేజర్ గాజు గదిని కుర్చీతో పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. అన్న నా తెర వైపు చూశాడు. చదివాడు. ఈసారి ఇంగ్లీషు ఆయనకు అడ్డం రాలేదు.

"తియ్యి చెల్లె" అన్నాడు. "ఎవడో తీసుడెందుకు."

"నేన్ చెయ్యను, అన్నా."

"నువ్వు సుత పోతె ఇగ ఇక్కడెవరుంటరు? తియ్యి."

తీశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని ఎందరినో ఎన్నోసార్లు అని ఉంటాను. పరీక్షలో రెండు నిమిషాలు పట్టింది, ఆ రోజు అంత కూడా పట్టలేదు.

మా ఇద్దరిదీ మొదటి నుంచి ఒకటే పద్ధతి. ఒకరు ఏ మార్పు చేసినా, రెండోవాళ్లు తమ లాగిన్ నుంచి సరిచూడాలి. సరిచూడకుండా పని అయిపోయిందని రాయకూడదు. ఆయనే నాకు నేర్పిన పద్ధతి. నేను మీట నొక్కి చేతులు తీసేసుకున్నాక, ఆయన తన కీబోర్డు ముందుకు లాక్కొని, ఒక కమాండ్ కొట్టాడు. అనుమతి లేదు అని వచ్చింది. ఇంకొకటి కొట్టాడు. అదీ లేదు. ఆరేడు రకాలుగా, నేను ఎక్కడైనా మరిచిపోయానేమోనని ఒక్కొక్కటే వెతికాడు.

"అంత పోయింది" అన్నాడు. "మంచిగ చేసినవ్. అయిపోయిందని రాసెయ్యి."