రెండు వేళ్ల వదులు

వీధిలో అందరికీ ఆవిడ టైలరమ్మ. అండాశయంలో మొదలైన క్యాన్సర్ పొట్టంతా పాకి నీరు పడుతున్నా, కీమోకి వెళ్లే రోజు కూడా మెడలో టేపు తియ్యదు. రోజూ పొద్దున్నే పొట్ట కొలిచి రాసుకురమ్మన్నాడు డాక్టరు. కొలతలు ఆవిడకి ఒకరు నేర్పాలా! జాకెట్ల కొలతల పుస్తకంలో ఆఖరి పేజీ తనకే ఉంచుకుంది. నీరు నిండి ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో సూదితో తీయించుకుంటుంది. ఇంటికొచ్చి నడుం వెనక దిండు పెట్టుకుని, పొట్టకి అడ్డం రాకుండా మిషను జానెడు అవతలికి నెట్టి కుడుతుంది. నైటీల పక్క కుట్లు తనే విప్పి వదులు చేసుకుంది.

మూడో కీమో రోజున నర్సు కొలిస్తే, పుస్తకంలో రాసినదానికంటే అంగుళం తక్కువొచ్చింది. "ఏదీ, నా ముందు కొలవండి" అంది. టైలరమ్మ టేపు చుట్టి, అలవాటుగా దాని కింద రెండు వేళ్లు దూర్చింది.

"వేళ్లెందుకమ్మా?"

"ఊపిరాడొద్దూ! ముప్పయ్యేళ్లలో ఎవరికీ బిగించి కొలవలేదు తల్లీ."

డాక్టరు కూడా నవ్వేశాడు. "రోజూ అదే అంగుళం కలిసింది కాబట్టి, పుస్తకంలో పొట్ట కొలత తగ్గుతూ రావడం మాత్రం నిజమే. ఇవాళ సూది అక్కర్లేదు."

ఇంటికి రాగానే నైటీ పక్కలు లోపలికి పట్టి కుట్టింది. మిగిలిన గుడ్డ కోడలు కత్తిరించబోతే, ఆమె చేతిలోంచి కత్తెర లాక్కుంది.

"మళ్లీ నీరు పడుతుందనా అత్తయ్యా?"

"పడితే విప్పుకుంటాను. విప్పడం నాకు కొత్తా ఏంటి!" అని మిషన్ని జానెడు ఇవతలికి లాక్కుంది.