ముందుకి తోస్తే వెనక్కి వెళ్లిన బోటు

పాలిటెక్నిక్ సర్టిఫికెట్ చేతికొచ్చిన ఆ కొత్త రోజుల్లో, ఈ ప్రపంచంలో నేను విప్పలేని బోల్టంటూ ఒకటుందని ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మా దీవిలోని హోప్ టౌన్‌లో మా మావయ్య పడవల షెడ్డులో స్పానరు పట్టుకుని తిరుగుతుంటే నాకు నేనే ఓ పెద్ద ఇంజనీరులా కనిపించేదాన్ని (చూసేవాళ్లకి మాత్రం మావయ్య ప్యాంటు మడిచి వేసుకున్న చిన్నపిల్లలా ఉండేదాన్నట. ఈ సంగతి అత్త చాలా ఏళ్ల తర్వాత చెప్పింది).

ఆ ఏడాది సీజను మొదలవబోతుండగా మావయ్య పాత పవర్ బోటు కాలు పాడైపోయింది. కాలంటే ఏమిటో చెప్పాలి. ఆ రకం బోటుకి ఇంజను లోపల ఉంటుంది, గేర్లున్న ఓ కాలు మాత్రం వెనక నుంచి నీళ్లలోకి వేలాడుతుంది, ఆ కాలి చివర పంకా తిరుగుతుంది. కంపెనీవాళ్లు స్టెర్న్‌డ్రైవ్ అంటారు, మేం లెగ్ అంటాం. దాని లోపలికి ఉప్పునీళ్లు దూరి గేర్లన్నీ తినేశాయి. కొత్త లెగ్ చెన్నై నుంచి ఓడ మీద రావాలి. ఈలోగా బోట్లు తనిఖీ చేసే సర్కారువారి సర్వే సాబ్ వచ్చి బోటు నడిపించి చూసి పాస్ చెయ్యకపోతే, ఆ సీజనంతా టూరిస్టుల్ని ఎక్కించుకోవడానికి లేదు. మావయ్యకున్నది ఆ ఒక్క బోటే. "పాత లెగ్ దొరికితే నేను బిగిస్తాను మావయ్యా" అన్నాను. షెడ్డుకొచ్చిన ప్రతివాళ్లూ వద్దన్నారు. మావయ్య మాత్రం "పిల్ల సదువుకుంది కదరా" అన్నాడు. ఆ మాటకి నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మిడిల్ పాయింట్‌లో పాత సామాన్ల దుకాణంలో రెండు లెగ్గులు కనిపించాయి. ఒకటి కొత్త రంగుతో నిగనిగలాడుతోంది, రెండోది నల్లగా, చూడగానే జాలేసేలా ఉంది. మావయ్య కన్ను మొదటిదాని మీద పడింది. నేను రెండింటి మీదా గీకి గీకి గేర్ నెంబర్లు చదివి, "మన ఇంజనుకి ఈ నల్లదే సరిపోతుంది, ఆ అందగత్తెని పెడితే ఇంజను అరుస్తుంది గానీ బోటు పరిగెత్తదు" అని తేల్చేశాను (ఇది నిజమే. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే). "రెండింజన్ల బోటుది బేటీ, జాగ్రత్తగా సూస్కో" అన్నాడు దుకాణం ఆయన. విన్నాను, తలూపాను, అక్కడే వదిలేశాను.

ఆ నల్ల లెగ్గుకి అప్పటికే ఓ స్టీలు పంకా బిగించి ఉంది, అద్దంలా మెరుస్తూ. షెడ్డుకి రాగానే అత్త దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. మా షెడ్డులో ఓ కట్టుబాటుంది, బొట్టు పెట్టిన సామాను సముద్రంలో ఓసారి నడిచేదాకా విప్పకూడదు. "మన పాత పంకాయే ఏద్దామా?" అని మావయ్య గొణిగాడు. "బొట్టెట్టినాక ఇప్పుతారేటి?" అంది అత్త. ఆ మెరుపు చూసి నేనూ అత్త వైపే చేరాను. లెగ్ బిగించి, గేరు లీవరు కేబులు కూడా నేనే కట్టి, ఇంజనుకి నీళ్ల పైపు పెట్టి షెడ్డులోనే స్టార్ట్ చేస్తే పంకా గిర్రున తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. గాల్లో తిరిగే పంకా ఎటు తోస్తుందో ఎవరికీ పట్టలేదు, సర్టిఫికెట్ ఉన్న నాతో సహా.

బోటు దింపడానికి సరిపడా పోటు సర్వే రోజు పొద్దున్నే వచ్చింది. తాళ్లతో జెట్టీకి లాక్కొచ్చాం. సర్వే సాబ్ ఫైలు పట్టుకుని బోటెక్కి ఐసు పెట్టె పక్కన నిలబడ్డాడు. జెట్టీ మీద అత్త కొబ్బరికాయ కొట్టి హారతి వెలిగించింది. తాళ్లు విప్పాం. మావయ్య లీవరు ముందుకి తోశాడు. బోటు వెనక్కి వెళ్లి జెట్టీకి కట్టిన టైర్లని దబ్బున గుద్దింది.

సరిగ్గా తొయ్యలేదేమో అనుకుని మావయ్య ఇంకాస్త ముందుకి తోశాడు. బోటు ఇంకాస్త గట్టిగా గుద్దింది. సాబ్ ఐసు పెట్టె మీద కూలబడ్డాడు. అత్త నోరు తెరిచి, మూయడం మరిచిపోయింది. లీవరు ముందుకి, బోటు వెనక్కి. లోకంలో ఇలా జరగడానికి వీల్లేదే అని గుడ్లప్పగించి చూస్తున్నాను. మావయ్య హడలిపోయి లీవరు వెనక్కి లాగేసరికి బోటు బుద్ధిగా ముందుకి కదిలింది. అప్పుడు వెలిగింది నాకు. రెండింజన్ల బోటుకి ఒక పంకా కుడికి తిరిగితే రెండోది ఎడమకి తిరుగుతుంది, బోటు ఓ పక్కకి లాగకుండా. కుడికి తిప్పేలా నేను కట్టిన లెగ్గుకి ఉన్నది ఆ ఎడమ పంకా. దీని మీద పరీక్షలో రెండు పేజీలు రాసి వచ్చినదాన్ని నేను.

"యే క్యా తమాషా హై?" అన్నాడు సాబ్.

"కేబుల్ ఉల్టా లగ్ గయా హోగా సాబ్. మైనే హీ లగాయా" అన్నాడు మావయ్య, కేబులు తనే తిరగేసి కట్టినట్టు.

కేబులు కట్టింది నేను. ముప్పై ఏళ్లుగా సముద్రం మీద తిరుగుతున్న మనిషి, నా కోసం అందరి ముందూ చేతకానివాడినని ఒప్పుకుంటున్నాడు. బోటు వెనక్కి వెళ్లినప్పటికంటే ఎక్కువ అదిరిపడ్డాను. "నహీ సాబ్, లెగ్ మైనే చునా, పంకా భీ మైనే రఖా. గల్తీ మేరీ హై" అనేశాను. లెగ్గు ఎంచిందీ, పంకా ఉంచిందీ నేనే, తప్పు నాదే అని.

సాబ్ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "గేర్ నంబర్ దేఖా?"

"దేఖా సాబ్."

"ఔర్ పంకా?"

చూడలేదని ఒప్పుకున్నాను. "తీన్ బజే ఫిర్ ఆవూంగా, బదల్ కే రఖో" అని, మూడింటికల్లా పంకా మార్చి ఉంచమని చెప్పి సాబ్ ఫైలు మూసి దిగిపోయాడు.

బోటుని ఒడ్డుకి లాగగానే అత్త చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, కొంగుతో ఆ పంకా మీద ఇంకా మిగిలిన బొట్టు తుడిచేసింది. నేను నోరెళ్లబెట్టాను. విప్పకూడదన్నావు కదా అత్తా, అన్నాను. "నాను బొట్టెట్టాను. అది ఎటు తిరుగుతాదో సూసుకోవాల్సిందానివి నువ్వు. అదీ దేవుడికే ఒగ్గేత్తావేటి?" అంది. మూడింటికి పాత పంకాతో, లీవరు ముందుకి తోస్తే బోటు ముందుకే వెళ్లింది. సాబ్ సంతకం పెట్టాడు. మావయ్య ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకే ఓ షెడ్డుంది. మొన్న మేం బాగుచేసిన బోటొకటి మధ్యదారిలో ఆగిపోతే, తప్పు మాదేనని తెలిసి కూడా ఆ బోటాయనతో నా నోట్లోంచి ముందొచ్చిన మాట, "మీ డీజిల్లో నీళ్లున్నాయేమో భయ్యా" అని. ఆయన నమ్మాడు కూడా. సిగ్గేసింది. చివరికి ఫోన్ చేసి, "డీజిల్ బాగానే ఉంది భయ్యా, మేమే సరిగ్గా బిగించలేదు" అన్నాను. ఆ నాలుగు ముక్కలు అనడానికి నాకు రెండు రోజులు పట్టింది. జెట్టీ దగ్గర ఆ తెలివితక్కువ పిల్లకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.