బీగం లేకుండా తెరుచుకున్న పాటలు

దయ్యాలను నేను నమ్మను. శ్మశానం పక్కింట్లో పదేళ్లు అద్దెకున్నాను. అక్కడ నన్ను భయపెట్టింది ఇంటి ఓనరు ఒక్కడే.

చిత్తూరులో సులోచనక్క డీటీపీ సెంటర్లో నేను టైపింగు నేర్చుకున్నాను. తొంభైల్లో ఆమె ఐరాల చుట్టుపక్కల తిరిగి, నాట్లేసే ఆడవాళ్ల పాటలు రాసుకొచ్చి, వాళ్ల పేర్లతో సహా పెద్ద ఫ్లాపీల్లోకి ఎక్కించింది. అచ్చు కాకముందే గుండెపోటుతో పోయింది. నోటుబుక్కులు చెదలు తిన్నాయి.

కొన్నేళ్లకు, పాడినవాళ్లలో ఒకామె, కన్నెమ్మవ్వ, సెంటరుకు వచ్చింది. "నా పేరు పుస్తకంలో ఏస్తానని సెప్పింది మీయక్క. నేను పోయేలోపు సూపిస్తావా మా?" అంది. చూపిస్తానని మాటిచ్చాను.

ఆ ఫ్లాపీల్లోని ఫైళ్లు కొత్త కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు చీమలు పాకినట్టుండేవి. అక్క వాడిన పాత సాఫ్ట్‌వేర్ ఫ్లాపీలున్నాయి గానీ, దానికి పాత మిషనే కావాలి. తిరుపతి తుక్కు అంగళ్లలో వెతికాను. ఒకదానికి ఫ్లాపీ దూరలేదు. ఇంకొకటి మరీ వేగం, ప్రోగ్రాం మొదలవగానే ఆగిపోయింది. మూడోది పసుపెక్కిన త్రీ ఎయిటీ సిక్స్, అక్క కాలంనాటి కంప్యూటరు. "అందరూ స్పీడుది అడగతారు, నువ్వేంది మా నత్తను అడగతా ఉండావు" అని అంగడాయన నవ్వాడు. నవ్వుకోనీ అని అదే తెచ్చుకున్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు అగ్గిపెట్టెంత లాకు ఒకటి ఉండేది. ప్రింటరు వైరు తగిలించేచోట దాన్ని పెడితేనే ప్రోగ్రాం తెరుచుకునేది. అక్క దాన్ని బీగం అనేది. రోజూ సాయంత్రం పీకి, కొంగున ముడేసుకుని ఇంటికి పోయేది. ఆమె పోయిన రోజు కట్టుకున్న చీరను కొంగు ముడి విప్పి చూడకుండానే ఏటి గట్టున పడేశారు.

"బీగం లేకుండా తెరుసుకోదు మా, వట్టి దండగ" అన్నాడు మెకానిక్ మునిరత్నం. అయినా మిషను ఆన్ చేశాను. నా మొండితనం అక్క నేర్పిందే.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ప్రోగ్రాం తెరుచుకుంది. మునిరత్నం లేచి వెనక్కి వెళ్లి తడిమి చూశాడు. ప్రింటరు వైరు తప్ప ఏమీ లేదు. మిషనుకు దండం పెట్టాడు. "దండాలు చాలు, కాగితాలు పెట్టప్పా" అన్నాను. పాటలన్నీ ప్రింటయ్యాయి.

ఆపేసి మళ్లీ వేస్తే, లాకు పెట్టమని అడిగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వేసినా అదే మాట.

అక్క ఆత్మే వచ్చిందని, దీపం పెట్టమని కొందరన్నారు. అక్కే వచ్చి ఉంటే ముందు నా టైపింగు తప్పులకు తిట్టేది. నేను అబద్ధమాడుతున్నానని ఇంకొందరన్నారు. వాళ్లను వచ్చి కాగితాలు చూసుకోమన్నాను. ఒక్కరూ రాలేదు.

అది ఎట్లా తెరుచుకుందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గూ లేదు.

కన్నెమ్మవ్వకు చదువు రాదు. కాగితం మీద తన పేరును వేలితో తడిమి, "ఇదేనా మా నేను?" అని అడిగింది.

"నువ్వే అవ్వా" అన్నాను. నేను జవాబు చెప్పగలిగింది ఆ ఒక్కదానికే.