అత్తగారింటి గోధుమరొట్టె

మా పక్కింటి చోటే మియాకు అత్తగారంటే పడేది కాదు. మాటవరసకు చెప్పడం లేదు, నిజంగా ఒంటికే పడేది కాదు. బిజినేపల్లిలో దూది ఏకి పరుపులు కుట్టుకునే మనిషి, గద్వాలలో అత్త సుల్తానాబీ ఇంట్లో నాలుగు రోజులున్నాడంటే చాలు, మోచేతులు, మోకాళ్లు, పిరుదులు నీటిబొబ్బలతో పొక్కేవి. దురదకు కూర్చోలేడు, నిలబడలేడు. తిరిగొచ్చాక నెలలకు గానీ అవి మానేవి కావు. అత్త చూపు మంచిది కాదని ఆయన తేల్చేశాడు.

పాపం, సుల్తానాబీ అల్లుణ్ణి నెత్తిన పెట్టుకునేది. అసలే యుద్ధం రోజులు, గోధుమపిండి దొరకడమే గగనం. ఆ తల్లి ఎవరెవరినో బతిమాలి తెచ్చి, డబ్బాలో దాచి, అల్లుడు వచ్చాకే మూత తీసేది. పూటకోసారి రొట్టెలు, పూరీలు, సేమియా. ఇంటి దగ్గర జొన్నరొట్టె తప్ప ఎరగని మావాడు అవన్నీ లాగించి, బొబ్బలు లేవగానే ఆమె వైపు గుర్రుగా చూసేవాడు. హకీం వేడి చేసిందన్నాడు, తేలికగా గోధుమరవ్వ జావ తాగమన్నాడు. తాగాడు. వీపు కూడా పొక్కింది.

ఒంటిని కాపాడే శక్తే గోధుమ పడగానే సొంత చర్మం మీద తిరగబడే అరుదైన జబ్బు అదని ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు. అప్పుడు మాకు తెలిసింది అత్తగారి చూపు ఒక్కటే.

ఇంతలో ఆయన భార్య హాజిరాకు నెలలు నిండాయి. ఆ చూపు బిడ్డ మీద పడుతుందని, తొలికాన్పుకు పుట్టింటికి పంపనన్నాడు. హాజిరా తిండి మానేసి ఏడ్చింది. నాకైతే ఆయన్ని పరుపులో కుక్కి కుట్టేయాలనిపించింది. చివరికి, అత్త బిడ్డను ఎత్తుకోకూడదని షరతు పెట్టి, తానూ వెంట వెళ్లాడు.

తర్వాత జరిగింది హాజిరా చెప్పిందే. గడపలోనే షరతు విన్న సుల్తానాబీ నేరుగా లోపలికెళ్లి పిండి డబ్బా అటకెక్కించింది. ఆ పూట నుంచి అల్లుడికి జొన్నరొట్టె, పచ్చిమిరప కారం. ఎంత అవమానం! చోటే మియా ఉడికిపోయాడు గానీ, భార్యను వదిలి రాలేక తిన్నాడు. కూతురు పుట్టింది. అమ్మమ్మ దూరం నుంచే చూసి కళ్లు తుడుచుకుంది. ఆయన మోచేతులు మాత్రం నున్నగా ఉన్నాయి.

బిడ్డకు పేరు పెట్టిన రోజు అందరితోపాటు ఆయనకూ సేమియా వడ్డించారు. ఆవురావురుమని తిన్నాడు. రెండు రోజులకు మోచేతులు పొక్కాయి. అప్పుడు గానీ ఆ బుర్రకు ఎక్కలేదు. లేచి వెళ్లి, బిడ్డను తెచ్చి అత్త ఒడిలో పెట్టాడు.

"తప్పు నీది గాదు అత్తమ్మా. గోధుమలది," అన్నాడు.

సుల్తానాబీ మనవరాలిని గుండెలకు హత్తుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని అల్లుడి వైపు చూసింది.

"సరే అల్లుడా. ఇంకోపారి నా బిడ్డను ఏడిపిచ్చినవని తెలిస్తే, సేమియా వట్టుకొని నీ ఇంటికే వస్త."