కుప్ప అంటే చెత్త కాదు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, పాండిత్యం మరీ కొత్త. గుంటూరు దగ్గర ఓ హైస్కూల్లో తెలుగు పంతులుగా చేరిన ఏడాది, లోకమంతా తప్పు తెలుగు మాట్లాడుతోందనీ, దాన్ని దిద్దే బాధ్యత నా ఒక్కడి మీదే పడిందనీ గట్టిగా నమ్మాను. (లోకం ఈ సంగతి గమనించలేదు.) సరిగ్గా అప్పుడే నాకో సంబంధం వచ్చింది. పిల్ల తరఫువాళ్ళు మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. మా ఇల్లూ వాకిలీ చూసి వెళ్ళడానికి పిల్ల మేనమామ మా ఊరొచ్చాడు. ఆయన పుట్టి పెరిగిందీ మద్రాసులోనే.

మా పెదనాన్న ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, "ఈ ఏడు మాకు ఇల్లంతా కుప్పలేనండి. పడమటి గదిలో కూడా పోశాం, కాలు పెట్టే చోటు లేదు" అన్నాడు సంబరంగా. ఆయన చెబుతున్నది పత్తి సంగతి. మేనమామగారి ముఖం వాడిపోయింది.

"ఇంట్లోనా? బయట పారబోయరాండీ? మా వైపు కుప్ప అంటే చెత్త కదా" అన్నాడు మెల్లగా.

పెదనాన్న నవ్వి, పత్తి చూపించడానికి గది తలుపు తీశాడు. అక్కడితో పోయేది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఏడాదంతా ఎండలో మాడి పండించుకున్న పంటని పిలుచుకునే మాటని పట్టుకుని చెత్త అంటాడా?

"ఆగండి" అని లేచాను. "కుప్ప అంటే పోగు, అంతే. తెలుగులోనూ, కన్నడంలోనూ, మీ మద్రాసు తమిళంలోనూ మూలం ఒకటే. ధాన్యం పోస్తే ధాన్యం కుప్ప, పెంట పోస్తే పెంటకుప్ప. మీ పట్నంలో పోసేది చెత్త ఒక్కటే కాబట్టి మాటకి ఆ వాసన పట్టింది. అందులో మాట చేసిన పాపం ఏముంది?" అక్కడితో ఆగానా? కుప్ప నూర్చడం, కుప్పకూలడం, కుప్పలు తెప్పలు, అన్నీ వరసపెట్టి విడమరిచాను. "ఒరేయ్, ఇక కూర్చోరా" అని పెదనాన్న అంటూనే ఉన్నాడు. మేనమామగారు "అవునండి, అవునండి" అంటూ చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. (ఒప్పుకున్నాడనే అనుకున్నాను.)

సంబంధం తప్పిపోయింది. పత్తికీ చెత్తకీ తేడా తెలియని మనుషులంటూ కనిపించినవాళ్ళందరి దగ్గరా మండిపడ్డాను. చివరికి ఆ సంబంధం తెచ్చిన మధ్యవర్తి ఉండబట్టలేక అసలు సంగతి చెప్పాడు.

"అదేం కాదు మాస్టారూ. పత్తి చూసి ఆయన తెగ మురిసిపోయాడు. ఇల్లు నచ్చింది, మీ పెదనాన్నగారూ నచ్చారు. 'అబ్బాయి మంచివాడే, కానీ పలకరిస్తే పాఠం చెబుతున్నాడు, మా పిల్ల ఎలా వేగుతుంది' అని వెనక్కి తగ్గాడు."

దానికీ కోపమే వచ్చింది. పాఠం చెబితే తప్పేమిటట? నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తేడా ఉందా?

ఆ అమ్మాయిని నేను చూడనే లేదు. ఆ కుర్ర పంతులు ఇప్పుడు ఎదురుపడితే, "నాయనా, నీ మాట నిజమే, కాస్త ఓపిక పట్టు" అందామనిపిస్తుంది. వినడు. ఓపిక అనే మాట ఎలా పుట్టిందో మొదలుపెడతాడు. నేనూ పక్కన కూర్చుని, వాడు చెప్పినంతసేపూ వింటాను.