పలికేదాంక ఆగాలె

మా కంప్యూటర్ సారు గుండెపోటుతో పోయారని తొర్రూరు నుంచి ఫోన్ వచ్చేసరికి, ఆయన రాసిన స్క్రిప్టు కోసమే నేను మా మేనేజరుతో కొట్లాడుతున్నాను. తీసేద్దామంటాడు మేనేజరు. తీయనంటాను నేను. ఫోన్ పెట్టేశాక కూడా అదే మాట అన్నాను, ఈసారి ఏడుస్తూ.

మీకు సంగతి చెబుతాను. జనగామలో ఇంట్లో కూర్చుని పట్నం కంపెనీకి పనిచేస్తాను నేను. గంగారం, కాటారం వైపు తండాల్లో బీపీ ఉన్నవాళ్లకు గోళీ వేసుకొమ్మని రోజూ పొద్దున ఆరింటికి ఫోన్లు వెళ్తాయి. ఎవరూ మీట నొక్కనక్కర్లేదు, క్లౌడులో, అంటే ఎక్కడో దూరాన కంపెనీ అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో, ఆ పని దానంతటదే నడుస్తుంది. ప్రోగ్రాం అంతా జావా అనే కంప్యూటర్ భాషలో ఉంది. ఒక్క ముక్క మాత్రం పైథాన్ అనే ఇంకో కంప్యూటర్ భాషలో ఉంది, తండావాళ్ల భాషలో మాటలు కూర్చి వినిపించే ముక్క. నేనడిగితే సారు రాసిచ్చిన స్క్రిప్టు అదే, అందులో గొంతూ సారుదే. ఆయనా తండాలో పుట్టినవారే.

మొదట్లో నేనొక ఘనకార్యం చేశాను. జావా నుంచి ఆ స్క్రిప్టును పిలిచి, అది జవాబిచ్చేదాకా ఆగకుండానే పని పూర్తయిందని రాయించాను. తీరా చూస్తే అది నడవడానికి కావాల్సిన పైథానే క్లౌడులో లేదు. మూడు రోజులు నా తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి, తండాల్లో ఒక్క ఫోనూ మోగలేదు. సారు ఫోన్ చేసి, ఒక ముసలామె మూడు రోజులుగా గోళీ వేసుకోలేదని చెప్పారు. తిట్టలేదు.

"పిల్వంగనే అయిపోతదా బిడ్డా? పలికేదాంక ఆగాలె" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. తొర్రూరు కాలేజీలో ఆయన హాజరు తీసుకునే తీరే అది కదా! పేరు పిలిచి తలెత్తి చూసేవారు, గొంతు వినబడితేనే టిక్కు పెట్టేవారు. తండా పిల్లలు తమ భాషలో పలికితే కొందరు కిసుక్కుమనేవాళ్లు. సారు రిజిస్టరు మూసి, నవ్వులు ఆగేదాకా చాక్‌పీసు ముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చునేవారు. "ఎవల భాషల వాళ్లు పలుకుతరు. వినుడు మనం నేర్చుకోవాలె" అని, మళ్లీ మొదటి పేరు నుంచి పిలిచేవారు. ముసలామె సంగతి సారు ఫోన్లో చెప్పిన రోజే పైథాన్‌ను కూడా స్క్రిప్టుతో పాటు సర్ది క్లౌడుకు పంపాను. జవాబు వస్తేనే ముందుకు కదిలేలా కట్టాను. ఆ తర్వాత ఒక్కరోజూ తప్పలేదు.

అయినా మా మేనేజరుకు పట్టదు. ఒక ప్రోగ్రాంలో రెండు భాషలెందుకట. మనిషే పోయాక ఆ గొంతెందుకట. యంత్రం గొంతుతో పుస్తకాల తెలుగు పెడితే చాలట. నేను నోరు తెరిస్తేనే నా యాసకు నవ్వుకునే మీటింగు అది. నవ్వుకోనీ. తీసేస్తే నన్నూ తీసేయండి అన్నాను. ఎప్పుడైనా ఆగితే బాధ్యత నాదేనని రాసిమ్మన్నారు. రాసిచ్చాను, సంతకం కొంచెం పెద్దగానే పెట్టాను.

సారు పదోరోజుకని ముందు నాడే గంగారం దగ్గర ఆయన తండాకు వెళ్లాను. మర్నాడు పొద్దున ఆరింటికి, గడప మీద కూర్చున్న ముసలామె చేతిలో ఫోన్ మోగింది. ఆమె సారు తల్లి. అప్పట్లో మూడు రోజులు గోళీ వేసుకోనిది ఈమేనని పక్కనున్న కోడలు చెప్పింది. సారు ఆ మాట నాకు ఏనాడూ చెప్పలేదు. నేనింత కొట్లాడింది ఈ తల్లిని ఏడిపించడానికా అనిపించింది. ఫోన్ ఆపేద్దామని చేయి చాచాను. ఆమె నా చేతిని పక్కకు నెట్టేసింది.

"యాడీ" అన్నారు సారు ఫోన్లోంచి. అమ్మను వాళ్లు అట్లాగే పిలుస్తారు. గోళీ వేసుకొమ్మన్నారు, వేసుకున్నాక ఒకటి నొక్కమన్నారు. ఆమె తన భాషలో కొడుక్కి గట్టిగా ఏదో బదులు చెప్పింది. గోళీ మింగి, నీళ్లు తాగి, చూపుడువేలితో ఒకటి మీద నొక్కింది. ఫోన్లో మాట ఆగిపోయింది. ఆమె వేలు తీయలేదు.