తుప్పలు కొట్టేటప్పుడే వేడెక్కే ట్రాక్టర్

2023 ఫిబ్రవరి. నేను టెక్కలిలో ఒక ట్రాక్టర్ల షోరూమ్‌లో సర్వీస్ ఇంజనీరుగా చేరి రెండో ఏడు నడుస్తోంది. మాది కోటబొమ్మాళి, చదివింది మెకానికల్ డిప్లొమా. పలాస నుంచి కంచిలి దాకా ఉద్దానం పక్క నుంచి వచ్చే కంప్లయింట్లన్నీ నావే. బైకు వెనక టూల్ బాక్సు కట్టుకుని ఇసుక దారుల్లో తోటలు తిరగడమే ఉద్యోగం.

ఉద్దానంలో ఫిబ్రవరి అంటే అందరికీ తొందరే. జీడిపూత పిందె కడుతుంది. ఇక్కడ పండును చెట్టున కొయ్యరు. పండి రాలినదాన్ని ఏరి పిక్క తీసుకుంటారు. అందుకని పిక్క రాలడం మొదలయ్యేలోగా చెట్ల కింద గడ్డీ తుప్పలూ కొట్టేసి నేల కనబడేలా చెయ్యాలి. లేకపోతే రాలింది రాలినట్టే తుప్పల్లో పోతుంది. ఈ పనికి ఇప్పుడు చిన్న ట్రాక్టర్లు వచ్చాయి, కొమ్మల కింద దూరిపోయేంత పొట్టివి. వెనక స్లాషర్ తగిలిస్తారు. ఇనుప మూత కింద గిరగిరా తిరిగే కత్తులే స్లాషర్. ఇంజను శక్తిని వెనక్కి అందించి వాటిని తిప్పే ఇరుసును పీటీవో అంటాం.

ఒకరోజు పొద్దున్నే నీలవేణక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నువ్విచ్చిన బండికి జొరమొచ్చింది."

"ఎంత జ్వరం అక్కా?"

"రోడ్డు మీద పిల్లిలాగుంటాది. తోటలో తుప్పలకి పెట్టినామా, కుంచెంసేపటికి సూది ఎర్రలోకి ఎలిపోతంది. ఆపితే సల్లారతాది. మల్లీ అదే పాట."

కంచిలి దాటి సముద్రం వైపు వెళితే వాళ్ళ ఊరు. ఆ ట్రాక్టర్ వాళ్ళకు అప్పజెప్పింది నేనే. తీసుకున్నది ఆమె పేరునే అయినా ఎంచుకున్నది ఆమె భర్త దానయ్య. జీవితమంతా పెద్ద ట్రాక్టర్లు తోలినవాడు. రెండు మూత్రపిండాలూ చెడిపోయి, డయాలసిస్ కోసం పలాస తిరుగుతున్నాడు. ఎండలో పని చెయ్యకూడదు. రోజంతా తాగాల్సిన నీళ్ళు ఒక సీసాలో కొలిచి ఇస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, ఆయన గుండెకే ప్రమాదం కనుక చుక్క కూడా ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చుట్టూ కొబ్బరిచెట్లున్న మనిషికి అది చిన్న ఆంక్ష కాదు.

నీలవేణక్కకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, ఆ తోటలోనే. ఇప్పుడు ఆమె తోలుతుంది, ఆయన గట్టున కొబ్బరినీడలో కూర్చుంటాడు. నేను డెలివరీ రోజున బావా అని పలకరించాను, అదే వరస నిలిచిపోయింది.

"డ్రైవింగ్ డిపార్ట్‌మెంటు దానిది బావా. నీళ్ళ డిపార్ట్‌మెంటు నాది" అన్నాడు దానయ్య, నేను వెళ్ళేసరికి.

"ఇంటికాడ ఫేను కింద పడుకోవయ్యా అంటే ఇంటాడేటి? బండికి నీళ్ళు సూడ్డానికి ఒకడుండాలంట" అంది ఆమె.

వేడెక్కే ఇంజనుకు నేను ఒక వరస పెట్టుకున్నాను. బయట నుంచి లోపలికి, తేలిక నుంచి కష్టానికి. మొదట గాలి దారి, తర్వాత ఫ్యాన్ బెల్టు, తర్వాత కూలెంట్, ఆ తర్వాత థర్మోస్టాట్, చివరికి ఇంజను. ఇంజను వేడిని మోసుకొచ్చి రేడియేటర్ దగ్గర దించేసే ద్రవం పేరు కూలెంట్. రేడియేటర్ అంటే సన్నటి గొట్టాల జల్లెడ, అందులో ఆ ద్రవం చల్లారుతుంది.

మొదటి మెట్టులోనే దొరికిందనుకున్నాను. రేడియేటర్ ముందున్న వలకు గడ్డి పొట్టు దుప్పటి కప్పినట్టు పట్టేసి ఉంది. దులిపాను. బెల్టు బిగువుగానే ఉంది. కూలెంట్ ఆకుపచ్చగా ఉండాల్సింది టీ రంగులో ఉంది. తుప్పు అనుకున్నాను. మొత్తం వంచేసి, కడిగి, కొత్తది పోశాను.

"బావా, డెలివరీ రోజు చెప్పాను కదా. నుయ్యి నీళ్ళు, బోరు నీళ్ళు పొయ్యొద్దు. ఉప్పు పేరుకుపోతుంది."

"సుక్క పొయ్యలేదు బావా. ఆ నుయ్యి నీళ్ళే నా కిడ్నీలు తినేసినాయని నాననుకుంటాను. బండిని కూడా తినీమంటానేటి?"

ఆ మాటలో అబద్ధం లేదు.

వారం దాటకుండానే మళ్ళీ ఫోన్. ఈసారి థర్మోస్టాట్ విప్పాను. ఇంజను వేడెక్కగానే తెరుచుకుని ద్రవాన్ని రేడియేటర్‌లోకి వదిలే చిన్న తలుపు అది. దాన్ని పరీక్షించాలంటే మరిగే నీళ్ళలో వెయ్యాలి. నీలవేణక్క పొయ్యి మీద గిన్నె పెట్టింది. ముగ్గురం గిన్నెలోకి తొంగిచూస్తూ నిలబడ్డాం.

"ఉడికిందేటి తమ్ముడూ? ఉప్పు ఎయ్యాలా?"

నీళ్ళు కాగగానే అది చక్కగా తెరుచుకుంది. తప్పు అక్కడ లేదు. కానీ కూలెంట్ మళ్ళీ గోధుమరంగుకు తిరిగింది. తుప్పు ఇంత తొందరగా రాదు. పైగా ఒక తీపి వాసన. కూలెంట్‌కు సహజంగానే కొంచెం తీపి వాసన ఉంటుంది కాబట్టి ఎక్కడో కారుతోందేమో అనుకున్నాను. కారుతున్న జాడ లేదు. ఇక మిగిలింది ఇంజను తల కింద, ద్రవం లోపలికి కారకుండా అడ్డుండే పలుచని రేకు, గాస్కెట్. అది పోయిందంటే బండిని టెక్కలి తెచ్చి ఇంజను విప్పాలి.

"ఇప్పుడేటి ఇప్పడం?" అంది నీలవేణక్క. "దిగువ చెట్లకి పండు రంగొచ్చేసింది. తుప్పల్లో రాలిపోతే ఎవలేరతారు?"

నన్ను సాగనంపుతూ వీధి చివర దాకా వచ్చింది. బైకు స్టార్టు చేయబోతుంటే, గొంతు తగ్గించి అడిగింది.

"తమ్ముడూ, తోటలో ఆయన నీ ముందర ఏటైనా తాగినాడేటి?"

"లేదక్కా. ఎందుకు?"

"ఏటీ లేదులే."

ఇంజను విప్పే ముందు ఒక పూట బండి పని చేస్తుండగా చూడాలని నిర్ణయించుకున్నాను. మర్నాడు చెప్పకుండానే తోటకు వెళ్ళాను. నీలవేణక్క అప్పటికే స్లాషర్‌తో నాలుగైదు వరసలు కొట్టేసింది. నేను చేతిలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టుకుని ఒక జీడిచెట్టు కింద కూర్చున్నాను. ముట్టుకోకుండా దూరం నుంచే వేడి చెప్పే పరికరం అది.

వేడి చూపించే సూది ఎర్రలోకి ఎక్కగానే ఆమె బండి ఆపి, చల్లారేదాకా మంచినీళ్ళు తాగి వద్దామని పాక వైపు నడిచింది. నేను రేడియేటర్ మీద పైనుంచి కిందికి థర్మామీటర్ తిప్పాను. పైన కాలిపోతోంది. కింద మూల మాత్రం చల్లగా ఉంది. వేడి ద్రవం అక్కడికి చేరడమే లేదు. లోపల గొట్టాలు మూసుకుపోయాయన్నమాట. ఖాళీగా రోడ్డు మీద వెళ్ళేటప్పుడు మిగిలిన గొట్టాలు సరిపోతాయి. తుప్పలు కొట్టేటప్పుడు ఇంజను పూర్తి బలం వాడుతుంది, అప్పుడు చాలవు. లెక్క కుదిరింది. దేనితో మూసుకుపోయాయన్నదే తేలాలి.

అప్పుడు కొబ్బరినీడలో కూర్చున్న దానయ్య లేచాడు. గట్టున రాలిన కొబ్బరికాయల్లోంచి ఒకటి ఏరి, కత్తితో చెక్కి, కన్ను పొడిచాడు. ట్రాక్టర్ దగ్గరికి వచ్చి రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మూత తీశాడు. రేడియేటర్‌కు తక్కువైనప్పుడు ద్రవం అందులోంచే లోపలికి వెళుతుంది. కాయ వంచి, ధారగా, చుక్క కింద పడకుండా పోస్తున్నాడు.

"బావా! అదేంటి?"

ఉలిక్కిపడ్డాడు గానీ ఆపలేదు. "కొబ్బరినీళ్ళు. సలవ కదా. మనిసికి సలవ సేసింది మిషనుకి సెయ్యదేటి? నుయ్యి నీళ్ళు నువ్వే వద్దన్నావు."

నేను ఏం పొయ్యకూడదో చెప్పాను. ఏం పొయ్యాలో చెప్పి కూలెంట్ డబ్బా చేతికివ్వలేదు. ఆయన తన తోటలో ఉన్నవాటిలోకెల్లా మంచి నీళ్ళు పోశాడు.

కొబ్బరినీళ్ళలో చక్కెర, లవణాలు ఉంటాయని, మరిగితే జిగురులా మారి గొట్టాలను పట్టేస్తాయని చెప్పాను. ఆయన పొయ్యడం ఆపాడు, కాయ చేతిలోనే ఉంది.

"అయితే పాడు సేసింది నానేనా?"

నేను ప్లాస్టిక్ డబ్బా మూత బిగించాను.

"నన్నొద్దన్నారు బావా. సెట్టు నిండా కాయలు, నాను ముట్టకూడదు. దాన్నెవులూ వద్దనలేదు కదా అని." పాక వైపు చూసి అన్నాడు. "నీలవేణికి సెప్పకు. తెలిస్తే ఇంటికాడ కూకోబెట్టెత్తాది. ఆ గోడలు సూత్తా ఉండలేను."

ఏం చెప్పాలో ఆలోచించుకునే లోపే ఆమె వచ్చేసింది. ట్రాక్టర్‌ను చూడలేదు, నన్నూ చూడలేదు. ఆయన చేతిలోని కాయను చూసింది.

"అనుకున్నాను" అంది. "గట్టు కింద కొబ్బరి డొల్లలు సూత్తనే ఉన్నాను. అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు. ఎలగ తాగాలనిపించిందయ్యా? నాకెందుకీ బండి, నాకెందుకీ పిక్కలు?" అంటూ ఉన్నచోటే నేల మీద కూలబడింది.

దానయ్య నావైపు చూశాడు. మౌనంగా ఉంటే ఆయన నీళ్ళ డిపార్ట్‌మెంటు నిలుస్తుంది. కానీ ఆమె ఏడుస్తోంది.

"నాను తాగలేదే" అన్నాడు. "ఒట్టు." ట్రాక్టర్‌ను వేలితో చూపించాడు. "అదీ, అది తాగింది."

ఆమెకు అర్థం కాలేదు. నేను డబ్బా మూత తీసి చూపించాను. పులిసిన కొబ్బరినీళ్ళ వాసన గుప్పుమంది.

"నిజమే అక్కా. రేడియేటర్ నిండా ఇదే."

"అన్నీ దానికే పోసినావా?"

"అన్నీ. నాలికి మీద సుక్క ఎయ్యలేదు."

ఆమె ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. "ఓలమ్మో, నా బతుకో! పోనీ, ఇంజనే పోనీ! బాగు సేసుకుంటాం." కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ గంభీరమైంది. "రేపట్నుండి ఇంటికాడే ఉంటావు."

ఆయన తల వంచుకున్నాడు.

"అక్కా, ఒక సంగతి" అన్నాను. "మొట్టమొదట సూది ఎక్కింది పొట్టు వల్లే, కూలెంట్ తగ్గింది అందుకే. తుప్పలు కొడుతుంటే ఆ వలకు పొట్టు పడుతూనే ఉంటుంది. సీటు మీంచి నీకు కనబడదు. ఒక మనిషి చూసి, బండి ఆపించి, బ్రష్‌తో దులపాలి. బావ కంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

జాలితో కల్పించిన పని కాదది. నిజంగానే ఆ బండికి ఆ మనిషి కావాలి.

ఆమె ఆలోచించింది. "నీడలో కూకోవాల. ముక్కుకి తువ్వాలు కట్టుకోవాల. ఒప్పుకుంటావా?"

"నీళ్ళ డిపార్ట్‌మెంటు తీసీసి దుమ్ము డిపార్ట్‌మెంటు ఇచ్చీసినారు" అన్నాడు దానయ్య. కానీ అప్పటికే బ్రష్ కోసం నా టూల్ బాక్సులో వెతుకుతున్నాడు.

రేడియేటర్ విప్పి టెక్కలి తీసుకెళ్ళి, జిగురు కరిగే మందు పోసి, నీళ్ళను కింది నుంచి పైకి ఎదురు తోశాం. బెల్లం పాకంలాంటిది బయటికొచ్చింది. తిరిగి బిగించాక తోటలో అన్నిటికంటే దట్టమైన మూలలో నడిపించి చూశాను. సూది మధ్యలో నిలబడిపోయింది. పండు రాలడం జోరందుకునేలోగా వాళ్ళ తోటలో నేల కనబడింది. వచ్చేముందు సరైన కూలెంట్ డబ్బా ఒకటి దానయ్య చేతిలోనే పెట్టాను. చల్లారాకే మూత తియ్యాలని, ఈ గీత దాకానే పొయ్యాలని ఆయనతోనే చెప్పించుకున్నాను.

ఇప్పటికీ వేడెక్కే ఇంజను చూడ్డానికి వెళితే నా వరస అదే. గాలి దారి, బెల్టు, కూలెంట్, థర్మోస్టాట్, ఇంజను. కాకపోతే వీటన్నిటికీ ముందు ఒకటి చేరింది. దీనికి నీళ్ళు ఎవరు పోస్తారు అని అడుగుతాను. ఆ మనిషి పక్కన కాసేపు కూర్చుంటాను. పానా ఆ తర్వాతే తీస్తాను.

తుప్పలు కొట్టే రోజుల్లో దానయ్య నాకు ఫోన్ చేస్తాడు. నీలవేణక్క పెట్టిన నియమం ప్రకారం ఆయన రెండు సంగతులూ చెప్పాలి.

"బావా, సూది మద్దిలో ఉంది. నాను నీడలో ఉన్నాను."